క్రావడి పోయిన శుక్రవారం: ఉబుంటు థీమ్ పనిలో నా పదకొండు నెలలు

2018 అక్టోబరు 18న, విండోస్‌లాగా కంప్యూటర్‌ని నడిపించే ఉచిత సిస్టమ్ ఉబుంటులో 18.10 వెర్షన్ విడుదలైంది. దానిలో డిఫాల్ట్‌గా వచ్చిన కొత్త రూపం (థీమ్, అంటే కిటికీల, బటన్ల, ఐకాన్ల రంగులూ ఆకారాలూ) పేరు యారు. అంతకుముందు ఏడాది నవంబరు నుంచి దాని మీద పనిచేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. మా డీటీపీ లైనులో ఉన్నవాళ్ళు ముగ్గురు నలుగురు ఫోన్ చేసి అడిగారు: దాంట్లోకి ఎలా వెళ్ళావు, డబ్బులేమైనా ఇస్తారా, ప్రోగ్రామింగ్ రావాలా అని. ఫోన్‌లో చెబితే తెమిలేది కాదు. అందుకని జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

నేను గుంటూరులో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో డీటీపీ చేస్తాను. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు. ప్రెస్సులో పేజ్‌మేకర్, అను ఫాంట్లు. ఇంట్లో మాత్రం ఏడేళ్ళ నాటి లాప్‌టాప్, దాంట్లో ఉబుంటు. అమ్మకి ఒక పాత డెస్క్‌టాప్ ఉంది, అందులో కూడా ఉబుంటే. ఆవిడ స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు కాబట్టి మెనూలన్నీ తెలుగులోనే ఉండాలని పట్టుబట్టి పెట్టించుకున్నారు. ఈ డెస్క్‌టాప్ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది.

2017 నవంబరులో ఉబుంటు తయారుచేసేవాళ్ళ నుంచి పిలుపు వచ్చింది. యూనిటీ అనే పాత డెస్క్‌టాప్ పోయి గ్నోమ్ అనేది వచ్చినా 17.10 వెర్షన్‌లో థీమ్ మాత్రం ఆంబియన్స్ అనే పాతదే. వచ్చే ఏప్రిల్లో రాబోయే 18.04కి కొత్త థీమ్ కావాలి, దాన్ని వాడేవాళ్ళే కలిసి చెయ్యాలి అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పన్నెండేళ్ళుగా రంగులతో, అక్షరాలతో బతుకుతున్నవాణ్ణి, ఇది నా పనే అనిపించింది. మర్నాడే కూర్చుని, నారింజ ఎంత ఉండాలి, వంకాయ రంగు ఎక్కడ ఉండాలి అని ఇంగ్లీషులో ఒక పేజీ అభిప్రాయం రాసి పెట్టాను. రాయడానికి మూడు గంటలు పట్టింది, నా ఇంగ్లీషు అంతంత మాత్రం.

ఆరు రోజులైనా ఎవరూ జవాబివ్వలేదు.

చాలా బాధనిపించింది. ఏడో రోజు గమనించాను, నాలాగా అభిప్రాయాలు రాసినవాళ్ళు వందల్లో ఉన్నారు. కానీ ఎవరైనా రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి, ఇది ఇప్పుడున్నది, ఇది నేను మార్చింది అంటే దానికి ఆ పూటే జవాబు వస్తోంది. అప్పటి నుంచి నేను బొమ్మ లేకుండా ఒక్క మాట రాయలేదు. ఇంగ్లీషు భయం కూడా దాంతోనే సగం తగ్గింది. బొమ్మ ఉంటే రెండు వాక్యాలు చాలు.

డిసెంబరంతా సిద్ధం కావడానికే పోయింది. థీమ్ అంటే నేను ఫొటోషాప్‌లో గీసి ఇస్తే సరిపోతుందనుకున్నాను. కాదు. గ్నోమ్ కిటికీలూ బటన్లూ అన్నీ సీఎస్ఎస్‌తో (రంగులూ కొలతలూ ఎలా ఉండాలో రాసే భాష) నడుస్తాయి. దాన్ని సాస్ అనే ఇంకో రూపంలో రాస్తారు: రంగులు ఒక ఫైల్లో, బటన్ల ఆకారాలు ఇంకో ఫైల్లో, మిగతావి మరొకదాంట్లో. వెబ్ పేజీలు చేసినవాళ్ళకి ఇది రెండు రోజుల పని. నాకు మూడు వారాలు పట్టింది. ఎవరు ఏం మార్చారో లెక్క ఉంచే గిట్ నేర్చుకోవడం ఇంకా కష్టం. ఒకసారి రీబేస్ (నా మార్పుల్ని కొత్త వెర్షన్ మీదికి ఎక్కించడం) చేయబోయి రెండు రోజుల పని పోగొట్టుకున్నాను. దాని తర్వాత ఏది చేసినా ముందు ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకుని పక్కన పెట్టుకోవడం అలవాటైంది.

నాకు చేతికర్రలా ఉపయోగపడినవి రెండు. ఒకటి విడ్జెట్ ఫ్యాక్టరీ. బటన్లు, ట్యాబులు, స్లైడర్లు, చెక్‌బాక్సులు, మొత్తం సరంజామా ఒకే కిటికీలో పరిచి చూపిస్తుంది, రంగు మారిస్తే ఎక్కడెక్కడ తేడా వచ్చిందో వెంటనే కనిపిస్తుంది. రెండోది జీటీకే ఇన్‌స్పెక్టర్. ఏ బటన్ మీద నొక్కితే దానికి ఏ సీఎస్ఎస్ లైను వర్తిస్తోందో చెబుతుంది. కొత్తగా వచ్చేవాళ్ళు ముందు ఈ రెండింటితో వారం రోజులు గడపండి.

ఖర్చు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. లాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్‌తో వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచేది) కదల్లేదు. ఇంకో 4 జీబీ వేయించాను, రూ. 2,600. డేటా ఫోన్‌దే, రోజుకి ఒక జీబీ. ఉబుంటు ఇన్‌స్టాల్ చేసే ఫైలు, ఐఎస్ఓ, అప్పట్లో దాదాపు రెండు జీబీ ఉండేది, అంటే ఒకటి దించుకోవాలంటే రెండు రాత్రులు. పైగా తయారీలో ఉన్న వెర్షన్ ఐఎస్ఓ రోజూ మారుతుంది. జడ్‌సింక్ అనేది ఉందని ఫిబ్రవరిలో గానీ తెలియలేదు. పాత ఐఎస్ఓ మన దగ్గరుంటే మారిన ముక్కలు మాత్రమే దించుతుంది. అది ముందే తెలిసుంటే అదనపు డేటా ప్యాకులకి పెట్టిన పదకొండు వందల్లో సగం మిగిలేది. ఇక వచ్చిన డబ్బు ఏమీ లేదు. అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు, అది ముందే తెలుసు.

సంక్రాంతి సెలవుల్లో మొదటి మార్పు చేశాను. తెర పైన నల్ల పట్టీ ఉంటుంది కదా, అప్పట్లో దాని మధ్యలో వారం, గంట కనిపించేవి. దాని మీద నొక్కినప్పుడు చుట్టూ వచ్చే రంగు మరీ మందంగా ఉందనిపించి, సన్నగా చేసి, అక్షరాల పెట్టెకి ఎత్తు ఖాయం చేశాను. చూడ్డానికి చక్కగా వచ్చింది. జనవరి 16న పుల్ రిక్వెస్ట్ (నా మార్పు తీసుకోండి అని అడగడం) పంపాను.

పంపాక తొమ్మిది రోజులు ఎదురుచూపులు. మార్పులు చూసి తీసుకునేవాళ్ళలో ఎక్కువమంది యూరప్‌లో ఉంటారు, చలికాలంలో మనకన్నా నాలుగున్నర గంటలు వెనక. అక్కడ ఉద్యోగాలయ్యి సాయంత్రం ఆరింటికి ఇళ్ళకొచ్చి కూర్చుంటే మనకి రాత్రి పదిన్నర. రోజూ పదిన్నర నుంచి పన్నెండు దాకా ఫోన్ చూస్తూ కూర్చునేవాణ్ణి. నా కళ్ళ ముందే వేరేవాళ్ళవి మెర్జ్ అవుతుంటే, అంటే అసలు థీమ్‌లో కలిసిపోతుంటే, లోపల మంటగా ఉండేది. తొమ్మిదో రోజు, 25న, జవాబు వచ్చింది: బాగుంది, రెండు చిన్న సవరణలు చేస్తే తీసుకుంటాం అని. సంతోషం పట్టలేక అప్పుడే కూర్చుని సవరణలు చేశాను. పొద్దున లేచాక పంపుదామని పడుకున్నాను. పడుకునే ముందు, సరదాకి, అదే థీమ్ అమ్మ డెస్క్‌టాప్‌లో కూడా వేసి పెట్టాను.

మర్నాడు జనవరి 26, శుక్రవారం. ప్రెస్సుకి సెలవు. అమ్మ శుక్రవారం పూజకి ముందు టైము చూసుకోవడానికి కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి అక్కడి నుంచే పిలిచింది.

"ఏరా, ఇవాళ శుక్రవారమే కదా? ఇదేంటి, శుక అని ఉంది?"

వెళ్ళి చూశాను. శుక్ర అని ఉండాల్సిన చోట క్రావడి లేదు. నేను ఖాయం చేసిన ఎత్తు దగ్గర కింది భాగం తెగిపోయింది. ఉబుంటు ఫాంట్లో తెలుగు లేదు, అందుకని తెలుగు అక్షరం వస్తే సిస్టమ్ ఇంకో ఫాంట్ తెచ్చుకుంటుంది, లోహిత్ గానీ నోటో గానీ ఏది ఉంటే అది. ఆ ఫాంట్ల ఎత్తు వేరు. ఇంగ్లీషు అక్షరానికి సరిగ్గా కొలిచి పెట్టిన పెట్టెలో తెలుగు ఒత్తు పట్టదు. మిగతా రోజులకి ఇది బయటపడదు కూడా. ఆది, సోమ, మంగళ, బుధ, గురు, శని: వీటిలో దేనికీ ఒత్తు లేదు. వారంలో ఒక్క శుక్రవారమే ఆ తప్పు కనిపిస్తుంది.

ఆ పూటంతా నా మనసు మనసులో లేదు. అక్షరం కింద ఒత్తుకి చోటు వదలాలని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పేజ్‌మేకర్‌లో రోజూ చేసేదే అది. లీడింగ్ (లైన్ల మధ్య దూరం) తగ్గిస్తే పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద పడతాయి, పెళ్ళి కార్డు పాడవుతుంది. అలాంటిది ఇంగ్లీషు స్క్రీన్ మీద పనిచేస్తూ నా భాషనే మర్చిపోయాను. ఇంకో ఆలోచన కూడా వచ్చింది, దాచకుండా చెబుతున్నాను. చెప్పకపోతే మెర్జ్ అయిపోతుంది. చూసేవాళ్ళలో తెలుగులో వాడేది నేనొక్కణ్ణే. నా పేరు అందులో ఉంటుంది. ఈ ఆలోచనతో మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. అమ్మ భోజనానికి పిలిచి, "అయిందా బాగు చేయడం?" అని అడిగింది. ఆ మాటతో లేచి వెళ్ళి, దయచేసి దీన్ని మెర్జ్ చేయొద్దు, నా మార్పు వల్ల తెలుగు తెగిపోతోంది అని రాసి, శుక్ర తెగిన బొమ్మా తెగని బొమ్మా పక్కపక్కన పెట్టాను.

పదకొండు నెలల్లో నాకు వచ్చిన మంచి జవాబులన్నీ దాని కింద వచ్చాయి. రివ్యూ చేసే ఆయన ఆ రాత్రే రాశారు: ఇది మాకు ఎప్పటికీ కనిపించేది కాదు అని. థాయ్ లిపి వాడేవాళ్ళు ఒకరు వాళ్ళ స్క్రీన్‌షాట్ పెట్టారు, వాళ్ళకి పైన గుర్తులు తెగుతున్నాయి. ఇద్దరం కలిసి వారం రోజులు దాని మీద పనిచేశాం. ఎత్తు ఖాయం చేయడం మానేసి, కనీసం ఇంత ఉండాలి, అక్షరానికి కావాలంటే పెరగనివ్వాలి అన్నట్టు మార్చాం. పైనా కిందా ఖాళీ మాత్రం కొలిచి ఇచ్చాం. ఫిబ్రవరి 11 ఆదివారం రాత్రి అది మెర్జ్ అయింది. మొత్తం నాలుగు లైన్లు. ఆ అవతలి మనిషి ముఖం నేను ఇంతవరకూ చూడలేదు, అయినా ఆ రాత్రి ఇద్దరం ఒకరికొకరు పండగ శుభాకాంక్షలు చెప్పుకున్నట్టు చెప్పుకున్నాం.

అప్పటి నుంచి నా పని మారిపోయింది. ఎవరైనా ఏదైనా మార్చితే తెలుగులో చూపిస్తారా అని నన్ను పిలిచేవాళ్ళు. ఇంకోటి, నాకు సిగ్గుగా ఉన్న నా లాప్‌టాప్ తెర, 1366 బై 768, వాళ్ళకి చాలా అవసరమైంది. వాళ్ళలో చాలామందికి పెద్ద పెద్ద తెరలు. హెడర్ బార్ (కిటికీ పైన ఉండే పట్టీ) నాలుగు పిక్సెళ్ళు పెంచితే వాళ్ళకి తెలియదు, నాకు మాత్రం ఫైళ్ళ జాబితాలో కింది వరస తెర దాటిపోతుంది. మంచి కంప్యూటర్ కొనుక్కున్నాక వద్దాం అనుకునేవాళ్ళుంటే, ఆగొద్దు. మీ దగ్గరున్న పాతదే వాళ్ళ దగ్గర లేదు.

మార్చిలో దెబ్బ తగిలింది. రూపం ఇక మార్చకూడదన్న గడువు దగ్గరపడింది, తప్పులు ఇంకా మిగిలి ఉన్నాయి, బయటివాళ్ళతో తగినంత పరీక్ష జరగలేదు. 18.04 అంటే ఐదేళ్ళు నిలబడాల్సిన వెర్షన్. అందులో ఇంకా పచ్చిగా ఉన్న థీమ్ పెట్టలేమని, పాత ఆంబియన్సే ఉంటుందని నిర్ణయం వచ్చింది. ప్రెస్సులో ఉండగా ఫోన్‌లో చదివాను. చేతిలో ఉన్న కార్డు ప్రూఫు రెండుసార్లు చదివినా ఒక్క అక్షరం తలకెక్కలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ నిర్ణయం సరైనదే. కానీ నాలుగు నెలలు రాత్రుళ్ళు కూర్చున్నవాడికి ఆ రోజు సరైనదా కాదా అన్నది పట్టదు. పెళ్ళిళ్ళ సీజను కూడా కావడంతో పని ఎక్కువుందని నాకు నేనే చెప్పుకుని మూడు వారాలు ఆ వైపు చూడలేదు. చాలామంది అలాగే జారిపోయారు, కొందరు మళ్ళీ రాలేదు.

నన్ను వెనక్కి తెచ్చింది ఒక చిన్న సందేశం. థీమ్‌ను స్నాప్‌గా (విడిగా వేసుకునే ప్యాకేజీగా) ఇస్తున్నారు, 18.04 వాడేవాళ్ళు ఒక్క ఆదేశంతో వేసుకుని, లాగిన్ తెర మీద చక్రం గుర్తు నొక్కి దాన్ని ఎంచుకోవచ్చు, నీ తెలుగు బొమ్మలు ఒకసారి పంపగలవా అని అడిగారు. ఎవరో నా కోసం ఆగి ఉన్నారన్న భావం కలిగింది. ఏప్రిల్ 26న 18.04 విడుదలైన వారంలోనే అమ్మ డెస్క్‌టాప్‌లో వేశాను.

మే, జూన్ నెలలు గుంటూరులో ఎలా ఉంటాయో తెలిసిందే. మధ్యాహ్నాలు లాప్‌టాప్ వేడికి ఆగిపోయేది, అందుకని తెల్లవారుజామున నాలుగింటికి లేచి పనిచేశాను. అప్పుడు జరిగినదంతా చిల్లర పని, కానీ థీమ్ బాగుపడింది దాంతోనే. ఒక్కో యాప్ తెరవడం, ఎక్కడ రాత కనిపించడం లేదో చూడ్డం, బొమ్మ తీయడం, పంపడం. రంగుల మీద వాదనలూ అప్పుడే ఎక్కువ. ఉబుంటు నారింజ మీద తెల్ల అక్షరం పెడితే అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా నిష్పత్తి 3.6 దాకా వస్తుంది. చిన్న అక్షరాలు తేలిగ్గా చదవాలంటే కనీసం 4.5 ఉండాలన్నది అందరూ పాటించే లెక్క. ప్రెస్సువాడిగా నాకు ఇది లెక్క లేకుండానే తెలుసు. నారింజ మీద సన్నటి రివర్స్ అక్షరం వేస్తే పూడుకుపోతుంది. ముదురు బూడిద మీద అదే తెలుపు 11 దాటుతుంది, అందుకే హెడర్ బార్‌కి ఆ బూడిద బాగా కుదిరింది. ఆన్‌లో ఉన్న స్విచ్‌కి 18.10లో చివరికి ఆకుపచ్చ నిలిచింది. నా ఓటు వంకాయ రంగుకి. అడిగాను, బొమ్మలు పెట్టాను, ఒప్పుకోలేదు. నాకు ఇప్పటికీ వంకాయే బాగుంటుందనిపిస్తుంది.

ఒక ఐకాన్ గీయడానికి కూడా ప్రయత్నించాను. కోరెల్‌డ్రాలో చేయి తిరిగినవాణ్ణి, రెండు పూటల్లో అవుతుందనుకున్నాను. ఒకే ఐకాన్‌ను 16, 24, 32, 48, 256 పిక్సెళ్ళకి విడివిడిగా గీయాలి. పెద్దది గీసి చిన్నది చేస్తే కుదరదు, గీత అర పిక్సెల్ పక్కకి జరిగితే చాలు, 16లో మసకగా కనిపిస్తుంది. ప్రింటులో ఈ బాధ మనకి తెలియదు. తొమ్మిది సాయంత్రాలు పట్టింది, అది తీసుకోలేదు, కాగితం మడతలాంటి నీడ మిగతావాటితో కలవలేదన్నారు. ఆ మాట నిజమే.

ఎండలు తగ్గాక పేరు మారింది. అంతవరకూ కమ్యూనిథీమ్ అని పిలుచుకున్నది యారు అయింది. జపనీస్‌లో చేయడం అని అర్థం. విడివిడిగా ఉన్న భాగాలన్నీ, కిటికీలవీ పై పట్టీవీ ఐకాన్లవీ, ఒకే చోటికి చేర్చారు. నా చేతిలో సగంలో ఉన్న పని పాత చోట ఉండిపోయింది, కొత్త చోటికి మోసుకురావడానికి ఒక వారం పోయింది. మీరు చేరేనాటికి ఇలాంటి కదలికలు ఏమైనా జరగబోతున్నాయేమో ముందు అడిగి తెలుసుకోండి. ఇంకో మాట, ఫిబ్రవరిలో మెర్జ్ అయిన ఆ నాలుగు లైన్లు ఇప్పుడు వెతికితే దొరకవు. ఆ భాగాన్ని మళ్ళీ మొదటి నుంచి రాశారు. ఆ మార్పులు చూసినప్పుడు గుండె కలుక్కుమంది. కానీ కొత్తగా రాసినవాళ్ళు ఎత్తు ఖాయం చేయలేదు. కనీసం ఇంత, పెరిగితే పెరగనీ అన్న పద్ధతినే ఉంచారు.

సెప్టెంబరులో 18.10కి ఇదే డిఫాల్ట్ అని ఖాయంగా తెలిశాక కూడా నేను నమ్మలేదు, మార్చి అలా చేసింది నన్ను. అక్టోబరు 18, గురువారం, దసరా రోజులు. రాత్రి తొమ్మిదిన్నరకి డౌన్‌లోడ్ మొదలుపెట్టాను. ఈసారి ఫోన్ డేటా సరిపోదని పక్కింటి తమ్ముడి బ్రాడ్‌బ్యాండ్ అడిగి తీసుకున్నాను. పన్నెండున్నరకి అమ్మ డెస్క్‌టాప్‌లో ఇన్‌స్టాల్ పూర్తయింది. నేను మార్చిన ఫైలు, స్నాప్, ఏవీ వేయలేదు. అందరికీ వెళ్ళేది ఎలా ఉందో అలాగే. భాష తెలుగు పెట్టి, ఆపేసి పడుకున్నాను.

పొద్దున అమ్మ కంటే ముందే లేచి కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ స్నానం చేసి వచ్చి, కంప్యూటర్ ఆన్ చేసి, కళ్ళజోడు సరిచేసుకుని తెర పైకి చూసింది. పై పట్టీలో శుక్ర, దాని పక్కన గంట. క్రావడి నిండుగా, కింద ఖాళీతో ఉంది.

"ఆరున్నర అయిపోయింది," అంది అమ్మ. "పూలవాడు ఇంకా రాలేదేంటి?"